కర్షకుడు ప్రేక్షకుడైన వేళ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ సభలో చలనచిత్రముల ప్రస్తావన యేమని కొందరికి అనుమానము కలుగవచ్చును. చెవితో వినునది శ్రవ్యకావ్యమనియు, కంటితో చూచునది దృశ్యకావ్యమనియు పూర్వులు రెంటిని కావ్యమనియే వ్యవహరించిరి. కనుక సేద్యమును గూర్చిన చిత్రమును సేద్యము చేసినవాడు చూచునపుడు వాని మనస్సున ఏమి జరుగునను ప్రశ్న గ్రంథాలయమునకు పరాయిది కాదు.

భరతుని నాట్యశాస్త్రమున ప్రయోగసిద్ధిని నిరూపించు అధ్యాయమొకటి కలదు. ప్రదర్శనమును గూర్చి వివాదము పుట్టినపుడు తీర్పు చెప్పవలసిన ప్రాశ్నికులు ఎవ్వరో అందు చెప్పబడినది. యజ్ఞము విషయమున యజ్ఞమెరిగినవాడు, అభినయమున నర్తకుడు, వృత్తమున ఛందోవేత్త, శబ్దమున వైయాకరణుడు, అస్త్రప్రయోగమున విలుకాడు, వేషవర్ణములందు చిత్రకారుడు, శృంగారోపచారమున వేశ్య, స్వరతాళములందు గాంధర్వవేత్త, రాజమర్యాదలందు రాజసేవకుడు. ఎవరి విద్యయందు వారే పరీక్షకులు. ఎంత ఉదారమైన దృష్టి! వేశ్యను గూడ వైయాకరణుని సరసన కూర్చుండబెట్టిన మహర్షి, నాగలి పట్టినవానిని మాత్రము ఆ సభకు పిలువలేదు. ఇది మునికి దోషము కాదు. ఆనాటి నాటకములలో రాజులు వేటాడిరి, విరహపడిరి, యుద్ధము చేసిరి. నాటు వేయలేదు, కలుపు తీయలేదు. జనకుడు నాగలి పట్టిన మాట నిజమే. అది యజ్ఞభూమి; ఆ సాలున దొరకినది సీతమ్మ, వడ్లు కావు. పొలము రంగస్థలము పైకి రాని కాలమున పొలమెరిగిన ప్రాశ్నికునితో పనిలేకపోయినది.

ఇరువదవ శతాబ్దమున తెర వచ్చినది, తెరమీదికి పొలము వచ్చినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మము 'రైతుబిడ్డ' తీసి జమీందారుల ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. నేడు జపాను దేశమున చేతితో వ్రాసిన బొమ్మలను కదలించు చిత్రములలో సైతము వరినాట్లు, పాడిపశువులు కథావస్తువులైనవి. వారు దీనిని యానిమే అందురు. పట్నములో చదువుకొను పిల్లలు వీనిని సెల్‌ఫోనులమీద చూచుచున్నారు. మరి ప్రాశ్నికుని పీట మాత్రము ఇంకను ఖాళీగనే యున్నది. ఆ పీటమీద రైతు కూర్చున్నచో ఏమి చూచును, ఎచ్చట సంతోషించును, ఎచ్చట లేచిపోవును అనునదే నేటి విషయము.

సుమారు వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీరమున నుండిన అభినవగుప్తుడు ఈ సంగతికి తాళపుచెవి యిచ్చినాడు. రసము నటునివద్ద లేదు, తెరమీద లేదు. ప్రేక్షకుని హృదయమున వాసనారూపమున ముందే దాగియున్న భావమును ప్రదర్శనము మేలుకొలుపును. ఎండాకాలమున బీటలు వారిన మడిలో రాలిన గింజ తొలకరికి మొలచినట్లు అని చెప్పినచో ఈ సభలో వివరింపనక్కరలేదు. అట్టి వాసన లేనివారిని నాటకశాలలోని కట్టెలతో, గోడలతో, రాళ్ళతో పోల్చిన ఆలంకారికులును కలరు. ఈ లెక్కన, సేద్యపు చిత్రమునందు రైతుకు కలిగినంత ఆనందము మరెవ్వరికిని కలుగరాదు. కాని లెక్క అంత సులువుగ తేలదు.

కాశిబుగ్గ నేడు వరంగల్ నగరములో కలిసిన పేట. అయినను ఎనుమాముల మార్కెట్టు ఇచ్చటికి దగ్గరే. పంట కాలమున పత్తి బండ్లు, మిరప బస్తాలు, పసుపు కొమ్ముల వాసన ఈ త్రోవలకు క్రొత్త కాదు. ఇచ్చటి ఇండ్లలో చాలవానికి ఒక కాలు బజారులోను, ఒక కాలు పొలములోను ఉండును. అట్టి ఇంటిలో నలుగురు కూర్చుండి ఒక సేద్యపు చిత్రము చూచునపుడు మొదట వినబడునది మెప్పు కాదు, తప్పు పట్టుట. "నాటేసుకుంట ముందుకు నడుస్తున్నదేంది? ఏసిన నారంత తొక్కదా?" అని ముసలమ్మ అడుగును. నాటు వేయువారు వెనుకకు వెనుకకు జరుగుదురని ఆమె నడుమునకు తెలియును. "గా ఎడ్లు జోడు కావు, ఒకటి పొట్టిది, కాడి ఒరుగుతది" అని తాత యనును. మృగశిర కార్తెలో చూపవలసిన దుక్కిని చేను పచ్చగ నున్న దినములలో చిత్రించి యుందురు. గట్టు మీది గడ్డియే ఆ గుట్టు బయటపెట్టును. మిరప కుప్పను ఎర్రగ మెరయునట్లు చూపినచో పట్నవాసి రంగు చూచి మురియును. రైతు తేమ ఎంత, తాలు ఎంత, బస్తాకు ఎన్ని కిలోలు కోతపడునని లెక్కించును.

ఇట్లు తప్పులు పట్టుటను చూచి, వీరికి రసికత లేదని యువకులు నవ్వుదురు. అది పొరపాటు. పహాణీ చూచువాడు మొదట తప్పునకే వెదకును. సర్వే నంబరు సరి, విస్తీర్ణము సరి, తరియో ఖుష్కియో సరి, పంట పేరు సరి యని తేలిన పిదపనే ఆ కాగితమును నమ్మును. నమ్మిన పిదప దానికొరకు కోర్టుకైనను పోవును. రైతు ప్రేక్షకత్వము ఇట్టిదే. మొదటి పావుగంట పరీక్ష. ఆ పరీక్షలో చిత్రము నెగ్గినచో, ఆపై వాని మనస్సును అది ఎచ్చటికి తీసికొనిపోయినను పోవును. పట్నవాసికి ఈ పరీక్ష లేదు. కనుక వాని నమ్మకమునకు అంత బిగువును లేదు.

నెగ్గిన చిత్రములు కలవు. 1957లో వచ్చిన 'తోడికోడళ్ళు' నందు అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి చెరియొక వైపు నిలిచి గూడతో నీరు తోడుచు పాడు పాట కలదు, కొసరాజు వ్రాసినది. గూడ వేయుట ఎరుగనివారికి అది చక్కని యుగళగీతము. ఎరిగినవారికి అందు మరియొక సుఖము కలదు. గూడ ఇద్దరి పని. ఒకరి చేయి ముందు లేచినచో నీరు దారిలోనే ఒలుకును. ఊపు, వంపు, కుమ్మరింపు మూడును కలియవలెను. పూర్వము గూడ వేయువారును, మోట కొట్టువారును పాడుకొన్నది సరదాకు మాత్రమే కాదు, చేతుల లయ చెడకుండుటకును, తోడిన లెక్క తప్పకుండుటకును. కనుక ఆ పాట పనికి అలంకారము కాదు, పనిముట్టు. నాగేశ్వరరావు రైతు ఇంట పుట్టినవాడు. ఆ సంగతి ఎరుగని రైతు గూడ ఆ దృశ్యమున ఆయన భుజము చూచి తల యూపును. 1955లో తాపీ చాణక్య దర్శకత్వమున వచ్చిన 'రోజులు మారాయి' లోని ఏరువాక పాట సంగతి చెప్పనక్కరలేదు. వహీదా రెహమాన్ నాట్యము చూచుటకు పోయినవారు పోయిరి, కొసరాజు మాట వినుటకు పోయినవారు పోయిరి. ఏరువాక అను పేరు వినగనే ఎండాకాలమంత ఒరిగియున్న నాగలి కంటబడిన వారు వేరు.

'మదర్ ఇండియా' (1957) నందు నర్గీసు తానే కాడి మోసి నాగలి లాగును. దేశమంతయు ఆ తల్లిని చూచి కంట తడిపెట్టినది. రైతు మాత్రము మరియొకటి గూడ చూచును: పదును లేని నేలలో నాగలి ఎంత దిగునో, దిగిన నాగలిని లాగుట మనిషి నడుముకు ఏమి చేయునో. వాని కన్నీరు సానుభూతి కంటె ముందు ఒంటిలోనుండి పుట్టును. 1980లో విడుదలైన 'మా భూమి' తెలంగాణలో అట్లే చూడబడినది. కృష్ణచందర్ నవలను ఆధారము చేసికొని గౌతమ్ ఘోష్ తీసిన ఆ చిత్రమున వెట్టి చూచి, వెట్టి చేసిన తరము దానిని కథగ చూడలేదు, సాక్ష్యముగ చూచినది.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. బమ్మెర ఈ ప్రాంతపు ఊరే గనుక పోతన కథ అందరును ఎరిగినదే. శ్రీనాథుడు బోయీలు లేకుండ పల్లకి నడిపింపగా, పోతన తన పొలమున ఎడ్లు లేకుండ నాగలి నడిపించెనని జనశ్రుతి. పండితులకు ఇది ఇద్దరు కవుల సమవుజ్జీ మహిమ. రైతులు ఈ తీర్పునకు ఒప్పుకొనరు. పల్లకి గాలిలో పోవును, దానికి అడ్డేమున్నది? నాగలి నేలలో దిగి పోవలెను. గెలుపు పోతనదే యందురు. ప్రాశ్నికునిగ రైతు పనికివచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక జపాను. రెండు చిత్రములను మాత్రమే తీసికొందురు గాక. మొదటిది 'వెండి చెంచా' అను అర్థము గల పేరుతో హిరోము అరకావా అను రచయిత్రి 2011లో ఆరంభించిన బొమ్మల కథ. 2013, 2014 సంవత్సరములలో యానిమేగ వచ్చినది. ఈమె హొక్కాయిడో దీవిలో పాడిరైతు కుటుంబమున పుట్టి, వ్యవసాయ పాఠశాలలో చదివి, బొమ్మలు వ్రాయుటకు పట్నము పోకమునుపు సొంత కొట్టములో ఏండ్ల తరబడి పనిచేసినది. స్వయముగ సేద్యము చేయుచు 'కృషీవలుడు' వ్రాసిన దువ్వూరి రామిరెడ్డి వలె అన్నమాట. కథానాయకుడు హాచికెన్ సప్పోరో పట్నపు విద్యార్థి. చదువుల పోటీలో అలసి, ఇల్లు విడిచి వ్యవసాయ పాఠశాలలో చేరును. తోడి విద్యార్థులలో చాలమంది రైతుబిడ్డలు. కోడిగ్రుడ్డు కోడి ఒంటిలో ఎచ్చటినుండి వెలువడునో చూచి అతడు నివ్వెరపోవును. ఆ దృశ్యమున పట్నపు ప్రేక్షకునికి అద్భుతమో జుగుప్సయో కలుగును. పల్లె ప్రేక్షకునికి హాస్యము. ఒకే బొమ్మ, ఒకే మాట, ఇద్దరికి రెండు రసములు. రచయిత్రి ఇది తెలిసియే పట్నపు పిల్లవానిని నడుమ నిలిపినది. ఎరుగనివారు వాని కంటితో చూతురు, ఎరిగినవారు వానిని చూతురు.

ఆ పిల్లవాడు బలహీనమైన పందిపిల్ల నొకదానిని చేరదీసి, దానికి పేరు పెట్టును. వలదని మిత్రులు చెప్పుదురు. పెరిగిన పిదప దాని గతి యేమో అందరికి తెలియును. పట్నములలో ఈ ఘట్టము చూచినవారికి ఇది గొప్ప ధర్మసంకటము. మేడారము జాతరకని మేకపిల్లను సాకి, దానికి ముద్దుపేరు పెట్టి, జాతర దగ్గరపడిన దినములలో తిండి సయింపని పిల్లలు ఈ జిల్లాలో ఎంతమంది లేరు? వారికి ఇది సంకటము గాక జ్ఞాపకము. అయినను వారే హాచికెన్‌ను ఎక్కువ ప్రేమింతురు. ఏలయన, చిన్ననాడు తమను ఎవ్వరును అడుగని ప్రశ్న అతడు పైకి అడుగుచున్నాడు.

రెండవది సకునా అను పంటదేవత కథ. (ఈ పేరునకు తెలుగు శకునముతో సంబంధము లేదు.) ఇది మొదట కంప్యూటరు ఆటగ 2020లో వచ్చినది, 2024లో యానిమే యయ్యెను. యుద్ధదేవునికిని పంటదేవతకును పుట్టిన గారాల బిడ్డ, చేసిన తప్పునకు రాక్షసులున్న దీవికి పంపబడి, కొందరు మనుష్యులతో కలిసి వరి పండింపవలసివచ్చును. దేవత యయ్యును ఆమెకు సేద్యము రాదు. ఆటలో వరి పండించుట ఒక మీట నొక్కినంత మాత్రమున కాదు. విత్తు ఏరవలెను, దుక్కి దున్నవలెను, నారు ఎంత ఎడముగ నాటవలెనో, మడిలో నీరు ఏనాడు ఎంత లోతున నిలుపవలెనో చూడవలెను. ఎరువు, కలుపు, కోత, ఆరబోత, నూర్పిడి, దంపుడు అన్నియు కలవు. పంట బాగుగ పండినకొలది దేవతకు బలము హెచ్చును. ఆటలో ఓడిన పట్నపు యువకులు గెలుపు కొరకు తమ దేశపు వ్యవసాయశాఖ వారు వరిసాగుపై ప్రకటించిన సమాచారమును వెదకి చదివిరని ఆ దినములలో ప్రసిద్ధి. ఎక్కడి రాక్షసవధ, ఎక్కడి వ్యవసాయశాఖ! నారుమడి ఎరిగినవానికి రాక్షసుని గెలుచుట సులువైన కథ ఇదివరకు ఏ పురాణమునను లేదు.

చెరువు క్రింది సేద్యము చేసిన ఓరుగల్లు రైతునకు ఈ నీటి లెక్క క్రొత్త కాదు. తూము ఎత్తి, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో నిర్ణయించు నీరటివాని ముఖమును ఊరంతయు చూచుచుండెడిది. ఆ పిల్లదేవత గట్టుమీద కూర్చుండి మడిలో నీరు చూచునపుడు పట్నవాసికి అది విశ్రాంతి దృశ్యము. రైతుకు అది విశ్రాంతి కాదు. గట్టుకు ఎండ్రకాయ తొర్ర పడినదేమో యని చూచుట. తుదకు వారందరు తమ చేతి బియ్యము వండుకొని తిను ఘట్టమున, ఏడాది పొడుగున జొన్న గటక తిని పండుగనాడు మాత్రము వరియన్నము చూచిన తరమువారు ఎవ్వరైనను ఇంకను ఉన్నచో వారి కంఠము గద్గదమగును. వారి మనుమలకు అది వంట దృశ్యము.

ఇంతవరకు అనుభవము ఆనందమును పెంచుననియే తేలినది. రెండవ మాట గూడ చెప్పవలెను. ఇది కష్టమైన మాట.

'వెండి చెంచా' లో కొమబా అను కుర్రవాడు కలడు. బంతియాటలో మేటి. వాని ఇంటి పాడి అప్పులలో మునుగును. పశువులను అమ్మివేయుదురు. అతడు చదువును, ఆటను విడిచిపోవును. అంతటితో ఆగదు: ఆ అప్పునకు హామీ నిలిచిన ఇరుగింటివారును నష్టపోయి, తమ గుర్రములను అమ్ముకొందురు. పట్నపు ప్రేక్షకుడు ఇచ్చట కరుణరసమున మునుగును. హామీ సంతకము చేసినవాడు ఏమి చేయును? 1997-98లో లద్దెపురుగు పత్తిని నాశనము చేసినపుడు ఈ వరంగల్ జిల్లాలో ఎందరో పత్తిరైతులు అప్పుల బాధకు తాళలేక ప్రాణములు తీసికొనిరి. అట్టి ఇంటివారు పశువులు లేని ఆ కొట్టమును తెరమీద చూడగలరా? చూడలేరు. లేచి బయటికి పోవుదురు. వారికి వాసన తక్కువయై కాదు.

అభినవగుప్తుడు ఇదియు ఎరుగును. రసమునకు గల విఘ్నములలో తన సొంత సుఖదుఃఖములకు వశుడగుట ఒకటి యని ఆయన చెప్పెను. తన దుఃఖమే మనస్సు నిండ నున్నవాడు ఇతరుని దుఃఖమున విశ్రమింపజాలడు. అనుభవము విత్తనమే, కాని మోతాదు మించిన ఎరువు వలె మొక్కను మాడ్చును గూడ. ఈ విఘ్నమును తొలగించుటకే గానము, వాద్యము, రంగమండపపు వింత యలంకారములు ఏర్పడినవని ఆయన మతము. 'తోడికోడళ్ళు' లోని పాటను, ఏరువాక నాట్యమును డబ్బు కొరకు చొప్పించిన తళుకులని విమర్శించిన విద్యావంతులు ఈ మాట తలపోసినట్లు లేదు. పగలంతయు గూడ వేసినవాడు రాత్రి మరల గూడనే చూచుటకు ఒప్పుకొన్నాడనిన, పాట యుండుటచేతనే.

జపానువారి చిత్రములలో ఈ పని బొమ్మ చేయుచున్నది. కెమెరాకు చిక్కిన ఎద్దు ఎవరిదో ఒకరి ఎద్దు; దాని డొక్క చూచినచో యజమాని స్థితి తెలిసిపోవును. చేతితో వ్రాసిన ఎద్దు ఎవరిదియు కాదు, కనుకనే అందరిది. ఆలంకారికులు సాధారణీకరణమన్నది ఇదియే. 'మా భూమి' నందు వెట్టిని చూడలేక తల దించుకొన్నవాడు బొమ్మలలోని అప్పును కొంతసేపైనను చూడగలుగును. కొమబా ఇంటి కథకు లేచిపోయిన మనిషి, గడపదగ్గర నిలిచి, మిగిలినది చూడవచ్చును. బొమ్మల చిత్రము పిల్లల సరకని పెద్దలు తోసివేయుట తొందరపాటని దీనినిబట్టి తెలియవలెను.

అయితే వాసనయే లేని మూడవ ప్రేక్షకుడు పెరుగుచున్నాడు. తాత రైతు, తండ్రి మార్కెట్టులో గుమాస్తా, కొడుకు పట్నములో ఇంజనీరు. మూడు తరములలో గుంటుక పేరు మరుగుపడినది. దంతె యనిన ఏమో అడిగినచో చెప్పువారు తక్కువ. వారికి సేద్యపు చిత్రము దూరదేశపు వింత. కావ్యములను మరల మరల చదువుటచేత మనస్సనెడి అద్దము తేటపడునని శాస్త్రము. మరి చిత్రమును మరల మరల చూచుటచేత పొలపు వాసన పుట్టునా? పుట్టదని కొందరు పెద్దల మతము. బురద తొక్కనిదే బురద తెలియదందురు. ఆ మాటలో సగము నిజమున్నది. మిగిలిన సగమునకు సమాధానము ఇండ్లలోనే దొరకును.

ఈ పేటలోనే ఒక ఇంట ఒక మనుమడు సెలవులకు వచ్చి పైన చెప్పిన పంటదేవత ఆటను ఆడుచుండెను. పంట ఎంతకును సరిగ రాదు. తాత మంచముమీద పండుకొనియుండి, చెవి మాత్రము అటు వేసియుండెను.

"ఏం జేస్తున్నవురా?"

"విత్తనాలు ఉప్పునీళ్ళల ఏస్తున్న తాతా. తాలు తేలుతదట."

"ఉప్పెంత ఏసినవ్?"

మనుమనికి తెలియదు. తాత లేచి కూర్చుండెను. కోడిగ్రుడ్డు వేసి చూడవలెననియు, గ్రుడ్డు తేలునంత ఉప్పు కలిపిననే తాలు గింజ పైకి వచ్చుననియు, మునిగిన గట్టి గింజను మంచినీటితో రెండుమార్లు కడుగకున్నచో మొలక చెడుననియు చెప్పెను. ఆ ముసలి చేతులు ఆ మాటలు చెప్పుచు గాలిలోనే చాటను చెరుగుచున్నవి. మనుమడు ఆటను నిలిపి ఆ చేతుల వైపు చూచెను.

"గా బొమ్మల పిల్ల నారు ఎన్ని దినాలకు పీకుతది?" అని తాత యడిగెను.

"చూసి చెప్త తాతా."

"నువ్వు చెప్పుడేంది, ఇటు తే" అని తాత కళ్ళద్దములకొరకు దిండు క్రింద తడవుకొనెను.